మన విల్లు: పూర్వవృత్తాంతము, జహీరాబాదున నొక ప్రయత్నము

మహాసభా సంచికకు మన కులచరిత్రమును గూర్చి యేదేని యొక వ్యాసము వ్రాసి పంపవలసినదని కార్యదర్శిగారు కోరిరి. వాల్మీకి మహర్షిని గూర్చియు, తిన్నని గూర్చియు మనవారు ప్రతి సంవత్సరమును వ్రాయుచునే యున్నారు. కావున మేము వేఱొక విషయమును గైకొంటిమి. మన సంఘముద్రయందు, సభాతోరణముమీద, ఆహ్వానపత్రికపైన, అన్నిటను విల్లు గలదు. ఆ విల్లును స్వహస్తములతో జేయగల బోయ జహీరాబాదు ప్రాంతమున నొక్కడైన గలడాయని గతవత్సరము విచారించితిమి. ఒక్కడును దొరకలేదు. పిమ్మట మేమే యొకటి చేయ బూనితిమి. ఆ కథయు, విల్లు మన చేతినుండి జారిన కథయు నిందు విన్నవించుచున్నాము.

తెలుగు పద్యమునకు తొలి యానవాళ్లలో నొకటిగ పండితులు చూపు అద్దంకి శాసనము క్రీ.శ. 848 ప్రాంతమునాటిది. తూర్పు చాళుక్య ప్రభువగు గుణగ విజయాదిత్యుని సేనాని పండరంగడు పండ్రెండు బోయకొట్టములను జయించెనని యందు గలదు. తొలి పద్యములలోనే మన పేరు కనబడినది. కాని యోడినవారి పేరుగ కనబడినది. దీనికి చిన్నబోవ బనిలేదు. అల్పులను గెలిచినవాడు ఆ గెలుపును ఱాతిమీద చెక్కించుకొనడు గదా!

ఆ కాలపు విల్లెట్టిదో శాసనము చెప్పదు. శాస్త్రగ్రంథములు కొంత చెప్పుచున్నవి. కౌటిల్యుని అర్థశాస్త్రమున తాటితోను, వెదురుతోను, కొయ్యతోను, కొమ్ముతోను జేసిన విండ్లు వేఱువేఱుగ పేర్కొనబడినవి. అల్లెత్రాటికి చాగ, జిల్లేడు, జనుము మొదలగువాని నారలును, నరములును జెప్పబడినవి. ఇవి యన్నియు మన మెఱిగిన సరకులే. మూర్వయనబడు చాగనుండియే వింటినారికి మౌర్వి యను పేరు వచ్చినది. అగ్నిపురాణమందలి ధనుర్వేద భాగమున నాలుగు మూరల విల్లు శ్రేష్ఠమనియు, మూడున్నర మూరలది మధ్యమమనియు, మూడు మూరలది కనిష్ఠమనియు నున్నది. అలెగ్జాండరు సేనానియగు నియార్కసు చూచిన హిందూదేశపు పదాతి విల్లు, దానిని ధరించిన మనుష్యునంత పొడవుగలదనియు, దాని కొన నేలనానించి యెడమపాదముతో నదిమి లాగుచుండిరనియు అరియను అను గ్రీకు చరిత్రకారుడు వ్రాసినాడు. నాలుగు మూరలన్న నాఱడుగులు. పురాణపు కొలతయు, పరదేశీయుని సాక్ష్యమును నించుమించుగ నొక్కటే యగుచున్నవి. ఈ యాఱడుగుల సంగతిని పాఠకులు జ్ఞాపకముంచుకొన బ్రార్థన. మా విల్లు విఱిగినది దీనిని మఱచుటవలననే.

మఱి విల్లెప్పుడు జారినది? జహీరాబాదు 1956 వఱకు బీదరు జిల్లాలోనిది. ఆ కన్నడసీమలో మనవారిని బేడరులందురు. ఔరంగజేబు తన జీవితమున స్వయముగ నడిపిన కడపటి ముట్టడి 1705లో బేడర నాయకుల వాగిన్‌గెరా కోటమీదనే. ముదిమిలో నున్న చక్రవర్తిని నెలలకొలది నిలువరించినవారని మనము గర్వించుట న్యాయమే. కాని వారు నిలువరించినది విండ్లతో గాదు, తుపాకులతో. బేడరుల తుపాకిగురి దక్కనంతటను ప్రసిద్ధము. ఇది మనవారికి మాత్రమే పట్టిన మార్పు గాదు. అల్లూరి సీతారామరాజు పటములన్నిటను విల్లు గలదు. 1922 ఆగస్టున చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలనుండి యాయన గైకొన్నవి తుపాకులు. యుద్ధమునకు పనికిరాని విల్లు వేటకు మిగిలినది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముతో వేటయు నిషిద్ధమైనది. ఆ చట్టమును మేము దూషింపము, జింకలు మిగులవలెను. కాని వేటతోబాటు కొయ్యను చదువు విద్యయు పోయినది. దానిని నిలుపవలెనని యెవరికిని దోచలేదు.

ఇక మా ప్రయత్నము. మొదటి విల్లునకు నమూనా సంఘముద్రయే. నాలుగడుగుల పొడవు, నడుమ లోనికి నొక్కు, కొనలు ముందునకు తిరిగిన వంపు: క్యాలెండరులలో శ్రీరాముని చేతనుండు విల్లదియే. కోతమిల్లున మంచి టేకుపలక కొని, దానిపై ముద్రను గీసి, గీత వెంబడి కోయించితిమి. చూచినవారందఱును భేషనిరి. త్రాడు గట్టి జానెడు లాగితిమో లేదో, పైవంపుకడ ఫెళ్లుమని రెండైనది. ముక్క యెగిరి చెంపకు దగిలినది. కన్ను దక్కుట పెద్దల పుణ్యము.

మా వీధి వడ్రంగి పెద్దాయన యా ముక్కలను జూచి నవ్వలేదు. విఱిగినచోట వ్రేలు పెట్టి, “నార అడ్డముగ తెగినది, చూడండి. వంపు గీసి కోసినచో నార ఆ వంపువెంట రాదు గదా,” యనెను. అప్పుడు మాకు తెలిసినది. ముద్రయందలి వంపుల విల్లు కొయ్యవిల్లే కాదు. అది కొమ్మును, నరమును, కొయ్యను జిగురుతో నతికి చేయు సింగిణి; శృంగమనగా కొమ్ము, దానినుండియే శార్ఙ్గమను పేరు. రాజులకు, రౌతులకు తగిన విలువగల విల్లది. అశ్వముపై పొట్టిదియే యనుకూలము. అడవిలో నడచు బోయ విల్లు నిటారైన యొంటికొయ్య. త్రాడు విప్పిన నది కఱ్ఱవలె నుండును. చిత్రకారునికి కఱ్ఱ యందముగ దోపలేదు కాబోలు! మనము తరతరములుగ పరుల విల్లును మన ముద్రగ ధరించుచున్నాము.

పొడవునకు కారణమును నప్పుడే బోధపడినది. పొడుగు కొయ్యయందు వంపు అంతటను పంచుకొనబడును. పొట్టికొయ్యయందు కొద్దిచోటనే భారమంతయు బడును. 1991లో ఆల్ప్సు మంచుకొండలలో దొరికిన, అయిదువేల యేండ్లకు పైబడిన మనుష్యుని కళేబరముచెంత నొక విల్లు దొరికినది. అదియు నాఱడుగులే. విశేషమేమనగా, అది చెక్కుట ముగియనిది. పనిముట్టు గాట్లు నేటికిని దానిపై గలవు. పని నడుమ నిలిచిన యా విల్లును దలచుకొన్నప్పుడెల్ల మాకు కొంత యోదార్పు కలుగును.

రెండవమాఱు గాలివానకు మా పొలమున బడిన నల్లతుమ్మను గైకొంటిమి. ఱంపము పెట్టక, చీలలు గొట్టి నారవెంబడి రెండుగ చీల్చితిమి. కొనలకు మైనము బూసి యెనిమిది నెలలు నీడను దాచితిమి. గురివైపు ముఖమున బెరడు దీసి, క్రింది పొరను గీటు పడనీయక యుంచవలెను. లాగునప్పుడు సాగునది యా పొరయే. చెక్కుట యంతయు మనవైపు ముఖముననే. ఇంతవఱకు తప్పు జరుగలేదు. పిమ్మట తొందర పుట్టినది. దళసరిని సగము చేసినచో బిగువు సగము గాదు, ఎనిమిదవ వంతగును. పదింట నొక వంతు చెక్కిన మాత్రమున బిగువు నూటికి 27 పాళ్లు పోవును. ఈ లెక్క మే మెఱుగము. క్రిందిభాగమున బాడిసతో రెండు దెబ్బలెక్కువ వేసితిమి. విల్లు విఱుగలేదు గాని, అచ్చటనే తలుపు మడతబందువలె వంగి, అట్లే యుండిపోయినది.

మూడవది యా దుంగ రెండవ సగము. ఈమాఱు బాడిసను మోటుపనితో ముగించి, ఆకురాయితోను, తుదకు గాజుపెంకుతోను గీకితిమి. గోడకు మేకు గొట్టి విల్లును దానిపై నానించి, త్రాటికి బరువు గట్టి, దూరముగ నిలిచి వంపును జూచితిమి. వంగనిచోట గుర్తుపెట్టి నాలుగుమార్లు గీకుట, ముప్పదిమార్లు లాగుట, మరల చూచుట. ఇట్లు పందొమ్మిది సాయంకాలములు గడచినవి. ఇంటివారు మాకు మతి చలించినదనుకొనిరి. మొక్కై వంగనిది మానై వంగునా యందురు. వంగునుగాని, అడిగినంత మెల్లగ వంగును.

ఇప్పుడది పదునాలుగు కిలోల బలముతో రెండడుగులు వచ్చుచున్నది. ముప్పది గజముల దూరమున గడ్డిమోపును పదింట నాఱుసార్లు తగులుచున్నది. తప్పినవి విల్లువలన గాదు, మా చేతివలన.

ఈ విద్య నెఱిగినవారు తెలుగుదేశమున లేకపోలేదు. నల్లమల చెంచులనుగూర్చి ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ 1943లో ప్రకటించిన గ్రంథము నాటికి విల్లంబులు వారి నిత్యసామగ్రి. వారిలోను విల్లెత్తు పెద్దలు తగ్గుచున్నారు. గ్రంథములు తిరుగవేయుటకు ముందు మేము వారికడకు పోయి కూర్చుండవలసినది. అది మా పొరపాటు. ఆటలయందు మాత్రము విల్లు పెరుగుచున్నది. విజయవాడ యువతి జ్యోతి సురేఖ 2023లో జరిగిన ఆసియా క్రీడలయందు మూడు స్వర్ణపతకములు గెలిచినది. ఆమెది కప్పీల లోహపు విల్లు. కాని జాతీయ పోటీలలో వెదురు విండ్లతో నాడు ఇండియను రౌండు అను విభాగమును గలదు. 2017 సవరణమువలన అడవికి వెలుపలి భూములలో పెరిగిన వెదురు చట్టప్రకారము చెట్టు గాదు. స్వంత పొలమున పెంచి కోసికొనుటకు అటవీ చట్టపు అడ్డంకి తొలగినది. మన విద్యార్థి వసతిగృహపు పెరటిలో నాలుగు వెదురు పొదలకు చోటు గలదని పోషకులకు మనవి చేయుచున్నాము.

మహాసభ జరుగు మూడు దినములును ఆ తుమ్మవిల్లు పందిరి ద్వారముకడ నుంచబడును, త్రాడు విప్పియే. విఱిగిన టేకు ముక్కలును, వంగిపోయిన రెండవదియు దాని ప్రక్కనే యుండును. ముద్రను మార్చవలెనా వలదా యను తీర్మానము రెండవనాటి సాయంకాలము చర్చకు రానున్నది. సభ్యులు ముందుగ వానిని చేతబట్టి చూచి రావలెనని కోరుచున్నాము.