పీపాలో గడచిన కాలము

స్కాట్లండు రాజు నాలుగవ జేమ్సు ఖజానా లెక్కలలో 1494–95 నాటి పద్దు ఒకటి కలదు. రాజాజ్ఞ ననుసరించి జాన్ కోర్ అను సన్న్యాసికి ‘జీవజలము’ కాచుటకై ఎనిమిది బోలుల మాల్టు ఇచ్చినట్లు అందున్నది. స్కాచి విస్కీని గూర్చి మనకు దొరకు తొలి లిఖితాధారము ఇదియే. మాల్టు అనగా మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ. కేవలము దానితోనే, ఒకే బట్టీలో కాచినది సింగిల్ మాల్టు. దానికి వయస్సును బట్టి వెల ఎట్లేర్పడెనో మనము విచారింతము.

తొలినాళ్ళలో విస్కీని కాచిన కొద్దికాలమునకే త్రాగెడివారు. సుంకమునకు వెరచి కొండలోయలలో దొంగబట్టీలు నడచినంత కాలము సరకును ఏండ్ల తరబడి దాచుట ప్రమాదకరమే. 1823 నాటి చట్టము సుంకమును తగ్గించెను. మరుసటి యేడు గ్లెన్‌లివెట్ లోయలో జార్జి స్మిత్తు లైసెన్సు పొందెను. 1915లో వచ్చిన మరియొక చట్టము విస్కీని కనీసము రెండేండ్లు నిలువ యుంచవలెననెను; 1916లో ఆ గడువు మూడేండ్లాయెను.

ఓకు పీపాలో నున్న విస్కీకి రంగు, పరిమళము, మృదుత్వము ఆ చెక్క వలన అబ్బును. కాని ఏటేట నూటికి రెండు పాళ్ళ వంతున ఆవిరియై పోవును. దీనిని అచటివారు ‘దేవదూతల వాటా’ యందురు. ఆల్కహాలు నూటికి 40 పాళ్ళకు లోబడినచో దానిని స్కాచి విస్కీ యని అమ్మరాదు. సీసాలో పోసిన పిమ్మట వయస్సు పెరుగదు. కావున వయసు మీరిన విస్కీ వెనుక తరముల కాపుదల యుండును. ఎల్గిన్ పట్టణపు గార్డన్ అండ్ మెక్‌ఫెయిల్ వర్తకులు 1940లో నింపించిన గ్లెన్‌లివెట్ పీపాను 2020లో తెరచిరి. వచ్చినవి 250 సీసాలు. నింపించిన తండ్రీకొడుకులు అప్పటికే గతించిరి.

అరుదైనకొలది సేకర్తల పోటీ హెచ్చును. 1926లో కాచి, 1986లో 40 సీసాలకు నింపిన మెకాలన్ విస్కీలో ఒక సీసా 2023లో లండను వేలమున దాదాపు 22 లక్షల పౌండ్లు పలికెను. ఇంతటి వెల యున్నచోట వంచనయు చేరును. 2017లో స్విట్జర్లండులోని ఒక హోటలులో చైనా రచయిత యొకరు 1878 నాటిదను మెకాలన్ విస్కీని, చిన్న గ్లాసెడు, దాదాపు పదివేల ఫ్రాంకులకు కొని రుచి చూచెను. నిపుణులు సందేహించి పరీక్షింపజేయగా అది 1970–72 ప్రాంతపు మిశ్రమమని తేలెను. హోటలువారు సొమ్ము తిరిగి యిచ్చిరి.

నాలుక పట్టలేని మోసమును గాలి పట్టి యిచ్చెను. బార్లీ పైరు తాను పెరిగిన ఏటి గాలిలోని కార్బనును తనలో నిలుపుకొనును. 1950ల నుండి జరిగిన అణుపరీక్షలు గాలిలో కార్బన్-14ను హెచ్చించినవి. ఆ ముద్రను ఎవ్వరును తుడువలేరు. 2018లో స్కాట్లండు శాస్త్రజ్ఞులు పరీక్షించిన 55 సీసాలలో 21 నకిలీవో, చీటీపై చెప్పిన ఏట కాచనివో అని తేలినవి.

ఐదువందల ఏండ్ల నాటి ఖజానా పద్దును మనము నమ్ముచున్నాము. అబద్ధమాడుటకు ఆ గుమాస్తాకు లాభము లేకుండెను. నేటి సీసా చీటీ వెనుక లక్షల పౌండ్ల ఆశ యున్నది. కనుక చీటీతో తృప్తిపడక, పీపా నింపిన నాటి పద్దును అడుగుట సేకర్తలకు శ్రేయస్కరము.