సలహా ముందా, నిర్ణయం ముందా? 1965 జూలైలో జాన్సన్

యుద్ధకాలంలో ఒక అధ్యక్షుడు ఎంతమందిని సంప్రదించాడో లెక్కపెట్టడం తేలికే. ఆ మాటలు ఆయన మనసును ఎంత మార్చాయో తేల్చడమే కష్టం. అమెరికా వియత్నాం యుద్ధంలోకి నిండా దిగిన 1965 జూలై ఇందుకు మంచి ఉదాహరణ. కాగితాలు దండిగా దొరుకుతాయి, కానీ అవన్నీ ఒకే కథ చెప్పవు.

జూన్ 7న సైగాన్ నుంచి జనరల్ వెస్ట్‌మోర్లాండ్ 44 బెటాలియన్లు కావాలని అడిగాడు. అందులో అమెరికా వంతు 34. జూలై 1 నాటికి అధ్యక్షుడు లిండన్ జాన్సన్ ముందు వేర్వేరు దారులు చూపే మెమోలున్నాయి. సేనలు పెంచాలన్నది రక్షణ మంత్రి మెక్‌నమారా వాదన. పోయింది చాలు, బయటపడే దారి చూద్దామన్నాడు విదేశాంగ శాఖలో రెండో స్థానంలో ఉన్న జార్జ్ బాల్. అదే శాఖలోని విలియం బండీ మధ్యేమార్గం సూచించాడు. పైకి చూస్తే సంప్రదింపులంటే ఇలాగే ఉండాలనిపిస్తుంది. అయితే వాటికి జాతీయ భద్రతా సలహాదారు మెక్‌జార్జ్ బండీ జోడించిన చిన్న లేఖ ఒకటుంది. బాల్ చెప్పేది మీరు శ్రద్ధగా విని ఆ తర్వాత తోసిపుచ్చుతారని నా ఊహ, అసలు చర్చ మిగతా రెండింటి మధ్యే అని దాని సారాంశం.

దీన్నిబట్టి అంతా నాటకమే అనేయడం తొందరపాటు. లేఖ రాసింది మెక్‌జార్జ్ బండీ, జాన్సన్ కాదు. సలహాదారు తన యజమాని మనసు చదివాడా, లేక దాన్ని ఒకవైపు నెడుతున్నాడా అన్నది ఆ వాక్యం చెప్పదు.

ఇంతకంటే బరువైన సాక్ష్యం జూలై 17 నాటి కేబుల్. మెక్‌నమారా సైగాన్‌లో ఉండగా, ఆయన డిప్యూటీ సైరస్ వాన్స్ వాషింగ్టన్ నుంచి పంపింది. 34 బెటాలియన్ల ప్రణాళికతో ముందుకెళ్లడమే అధ్యక్షుడి ప్రస్తుత ఉద్దేశమని అందులో ఉంది. వైట్‌హౌస్‌లో పెద్ద చర్చ మొదలైంది 21న, అంటే నాలుగు రోజుల తర్వాత. 1982లో వచ్చిన 'ప్లానింగ్ ఎ ట్రాజెడీ'లో లారీ బెర్మన్, అప్పటికే తీసుకున్న నిర్ణయానికి ఆ చర్చలు ఆమోదముద్ర వేశాయన్నట్టు వాదించాడు. 1993లో డేవిడ్ బారెట్ వేరే మాట చెప్పాడు: జాన్సన్ చాలామందిని అడిగాడు, వ్యతిరేకులనూ విన్నాడు. నన్నడిగితే ఇద్దరి సాక్ష్యాలకూ చోటుంది. ‘ప్రస్తుత ఉద్దేశం’ అన్న మాట నిర్ణయానికి ఒక మెట్టు కిందే ఆగుతుంది. కానీ అది తెలిసిన రక్షణ మంత్రి ఏ సిఫార్సుతో తిరిగొస్తాడో ఊహించడం కష్టం కాదు.

జాన్సన్ సహాయకుడు జాక్ వాలెంటీ రాసుకున్న సమావేశాల నోట్స్ ప్రకారం, 21న బాల్‌కు వాదన వినిపించే అవకాశం నిజంగానే దక్కింది. జాన్సన్ అడ్డు ప్రశ్నలూ వేశాడు. ముగ్గురు అధ్యక్షులు ఇచ్చిన మాట తప్పితే దేశం పరువేం కావాలన్నది అందులో ముఖ్యమైనది. 25న క్యాంప్ డేవిడ్‌లో పాత మిత్రుడు క్లార్క్ క్లిఫర్డ్ కూడా యుద్ధం పెంచొద్దన్నాడు. 28న జాన్సన్ పత్రికల వాళ్ల ముందు వియత్నాంలో సేనలను 75,000 నుంచి 1,25,000కు పెంచుతున్నట్టు ప్రకటించాడు.

విన్నాడు సరే, ఎవరిని వినగలిగాడు? ఉపాధ్యక్షుడు హంఫ్రీ ఆ ఫిబ్రవరిలో యుద్ధ విస్తరణకు వ్యతిరేకంగా మెమో రాసి, ఏడాదిపాటు వియత్నాం చర్చలకు దూరమయ్యాడు. బాల్ మాత్రం 1966 దాకా పదవిలో ఉన్నాడు. లోపల ఎంత వాదించినా బయట పెదవి విప్పలేదు. వైట్‌హౌస్‌లో పనిచేసిన జేమ్స్ థామ్సన్ 1968లో రాసిన వ్యాసంలో ఇలాంటి అసమ్మతిని మచ్చికైనదిగా వర్ణించాడు. అలాంటి గొంతు ఉండటం వల్ల మిగతావారికి అన్ని కోణాలూ చూశామన్న తృప్తి దక్కుతుంది. ఇక జాన్సన్ ముఖ్య సలహాదారులతో కలిసి చర్చించే మంగళవారం భోజనాలు 1964లో మొదలయ్యాయి; వాటిలో తొలి ఏళ్లలో మాటలు నమోదు చేసే పద్ధతే స్థిరపడలేదు. ఆ బల్ల దగ్గర చరిత్రకారులకు చాలావరకు పస్తులే.

దీనికి పక్కన 1967–68ని పెట్టి చూడొచ్చు. 1967 నవంబర్ 2న మాజీ విదేశాంగ మంత్రి డీన్ అచెసన్ తదితర పెద్దలు, ‘వైజ్ మెన్’ అని పిలిచే అనుభవజ్ఞుల బృందం, జాన్సన్ యుద్ధ విధానాన్ని సమర్థించారు. ముందురోజే మెక్‌నమారా ఆ విధానాన్ని ప్రశ్నిస్తూ రాసిన మెమో వాళ్ల ముందుకు రాలేదు. 1968 మార్చి 25, 26 తేదీల్లో దాదాపు అదే బృందం మళ్లీ కూడింది. ఈసారి ఫిలిప్ హబీబ్, జనరల్ డెపూయ్, సీఐఏ అధికారి జార్జ్ కార్వర్ పరిస్థితి వివరించారు. పెద్దల్లో ఎక్కువమంది మాట మార్చారు. ఇది కొత్త సమాచారం ఫలితమేనని తేల్చేయలేం. మధ్యలో దక్షిణ వియత్నాంపై కమ్యూనిస్టుల టెట్ దాడులు జరిగాయి, ఇంకో 2,06,000 మంది సైనికులు కావాలన్న కోరిక వచ్చింది, మార్చి 12న పార్టీ అభ్యర్థి ఎంపిక కోసం జరిగిన న్యూ హాంప్‌షైర్ ప్రైమరీ జాన్సన్‌ను కుదిపింది. మెక్‌నమారా వెళ్లిపోయి ఆ కుర్చీలో క్లిఫర్డ్ కూర్చున్నాడు.

మార్పు చూసి జాన్సన్ నివ్వెరపోయాడు. ఆ అధికారులు పెద్దలకేం చెప్పారో తనకూ చెప్పాలన్నాడు. కార్వర్, డెపూయ్ వచ్చి ఆ వివరాలు మళ్లీ వినిపించారు. మార్చి 31 రాత్రి ఆయన టీవీలో ఉత్తర వియత్నాంపై బాంబు దాడులను చాలామేరకు ఆపుతున్నానని, మళ్లీ పోటీ చేయనని ప్రకటించాడు.