ఉయ్యాల్లో మహారాజు

అలెగ్జాండర్ అనగానే మనకి పురుషోత్తముడూ, జీలం నదీ గుర్తొస్తాయి. ఆయన పోయాక ఆ ఇంటి ఆడవాళ్లూ, పసివాడూ ఏమైపోయారన్నది మాత్రం ఏ పరీక్షలోనూ అడగరు. నాకేమో ఆ దండయాత్రలన్నిటికన్నా ఈ కథే మనసులో నాటుకుపోయింది.

క్రీ.పూ. 323 జూన్‌లో అలెగ్జాండర్ బాబిలోన్‌లో కన్నుమూసేనాటికి భార్య రొక్సానా నిండు చూలాలు. పుట్టేది ఎవరో తెలీదు. కాల్బలం వాళ్లు మతిస్థిమితం లేని సవతి సోదరుడు అరిడేయస్‌ని రాజును చెయ్యమన్నారు. ఆశ్వికులు పురుడొచ్చేదాకా ఆగుదామన్నారు. చివరికి రాజీ పడి, మగపిల్లవాడు పుట్టాక ఇద్దర్నీ రాజుల్ని చేశారు! మరి పెత్తనం? సేనాని పెర్డికస్‌ది.

రొక్సానా మాత్రం తక్కువ తిందా? డేరియస్ కూతురైన తన సవతి స్టటీరాని మాయచేసి పిలిపించి చంపించిందని ప్లూటార్క్ రాశాడు. బిడ్డకి పోటీ ఉండకూడదన్న భయం!

పెర్డికస్‌ని ఈజిప్టులో సొంత మనుషులే పొడిచేశారు. తర్వాత రాజుల్ని మాసిడోనియాకి తీసుకొచ్చిన ముసలి ఆంటిపేటర్, క్రీ.పూ. 319లో పోతూ పోతూ అధికారం కొడుకు కసాండర్‌కి కాకుండా పాలీపెర్కాన్‌కి అప్పగించాడు. అగ్గి అక్కడ రాజుకుంది.

అరిడేయస్ భార్య యూరిడిసి కసాండర్ పక్షం చేరింది. పసివాడి నాయనమ్మ ఒలింపియాస్ సైన్యంతో బయల్దేరింది. అలెగ్జాండర్ తల్లిని చూడగానే యూరిడిసి సైనికులు అటు వెళ్లిపోయారు! అరిడేయస్‌ని చంపించి, యూరిడిసికి కత్తీ, ఉరితాడూ, విషమూ పంపి, ఏదో ఒకటి ఎంచుకోమంది ఒలింపియాస్. ఆ పిల్ల తన నడికట్టుతోనే ఉరిపోసుకుంది.

మరుసటి ఏడాదే పిడ్నా కోటలో ఒలింపియాస్ వంతు వచ్చింది. కసాండర్ ముట్టడిలో ఏనుగులకి రంపపు పొట్టు పెట్టాల్సినంత కరువు. లొంగిపోయాక ఆమెనీ చంపించాడు. రొక్సానానీ, బిడ్డనీ ఆంఫిపొలిస్‌లో బంధించాడు.

క్రీ.పూ. 311లో సేనానులంతా సంధి చేసుకున్నారు. పిల్లవాడు పెద్దయ్యేదాకా యూరప్‌లో పెత్తనం కసాండర్‌దన్నారు. పెద్దయితే? ఆ ఒక్క మాటే వాడి ప్రాణం తీసింది. ఒకటి రెండేళ్లలోనే తల్లీకొడుకుల్ని గుట్టుగా చంపించేశాడు. కంచే చేను మేసింది.

ఒలింపియాస్‌ని రాక్షసి అన్న చరిత్రకారులు, కసాండర్‌ని మాత్రం రాజనీతిజ్ఞుడన్నారు. ఆమె చేసింది మంచిదని నేననను. కానీ తూకం రాళ్లు అందరికీ ఒకటే ఉండాలి కదండీ?

1978లో గ్రీసులోని వెర్జినాలో ఒక సమాధి బయటపడింది. అందులో వెండి కలశంలో ఒక కుర్రవాడి దహనమైన ఎముకలు, దాని మెడ చుట్టూ బంగారు ఆకుల దండ దొరికాయి. ఆ పసివాడివేనని చాలామంది పండితుల నమ్మకం. బతికుండగా వాడికి ఒక్కరోజు రాజరికం దక్కనివ్వని వాళ్లు, చచ్చాక మాత్రం మర్యాద ఏమీ తక్కువ చెయ్యలేదు.