ప్రత్యేక సీటు వద్దన్న బిషప్పు

డోర్నకల్ అనగానే చాలామందికి మొదట గుర్తొచ్చేది రైల్వే జంక్షన్. సింగరేణి బొగ్గు మోసే గూడ్సు బండ్లు మళ్లే చోటు అది. ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో ఉంది, అప్పుడు నిజాం రాజ్యంలో ఉండేది. ఆ జంక్షన్ పేరు లండన్ చర్చి పత్రికల దాకా పోయిందంటే దానికి కారణం బొగ్గు కాదు, ఒక తమిళుడు.

1903లో తిరునెల్వేలి క్రైస్తవులు సొంతంగా ఒక మిషనరీ సంఘం పెట్టుకున్నారు. డబ్బు మనది, మనుషులు మనవాళ్లు, నడిపేది మనం అన్నది వాళ్ల పట్టుదల. ఇంగ్లండు నుంచి చందా రాదు, దొర పెత్తనమూ ఉండదు. వాళ్లు ఎంచుకున్న క్షేత్రం ఈ మానుకోట, డోర్నకల్ ప్రాంతం. ఇక్కడి తెలుగు ఆ తమిళులకు పరాయి భాషే. ఉత్సవ సంచికల్లో చర్చి చరిత్ర సాధారణంగా ఓడ దిగిన దొరతో మొదలవుతుంది. మన చరిత్రలో ఆ దొరలు లేరని కాదు. 1841లో మచిలీపట్నంలో దిగిన నోబుల్, ఫాక్స్ అయ్యగార్ల వారసత్వం కూడా 1920ల మొదట్లో కృష్ణా జిల్లా సంఘాలతో పాటు డోర్నకల్ డయాసిస్‌లోకి వచ్చి చేరింది. అయినా డోర్నకల్ మటుకు రైలు దిగిన తమిళులతోనే మొదలైంది. ఆ తేడాను మన పాత సంచికలు పెద్దగా పట్టించుకోలేదు.

ఆ సంఘం వ్యవస్థాపకుల్లో ఒకరు వేదనాయకం శామ్యూల్ అజరయ్య. 1909లో గురువుగా అభిషేకం పొంది తానే డోర్నకల్ వచ్చేశాడు. మరుసటి ఏడు ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగితే అక్కడ లేచి, మీరు మా కోసం ప్రాణాలిస్తారు గానీ మమ్మల్ని స్నేహితుల్లా పక్కన కూర్చోబెట్టుకోరు అన్న అర్థం వచ్చేలా మాట్లాడాడు. సభలో చాలామందికి అది మింగుడు పడలేదు. రెండేళ్లు తిరిగేసరికి, 1912 డిసెంబర్ 29న, కలకత్తా సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో ఆయన బిషప్పయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో భారతీయుడికి ఆ పదవి దక్కడం అదే మొదలు. మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్ పట్టుబట్టకపోతే అది జరిగేది కాదు. నల్లవాడి చేతి కింద తెల్ల గురువులు ఎలా పనిచేస్తారన్నది దొరల బెంగ. మన క్రైస్తవుల్లోనూ కొందరికి ఆయన కులం గుర్తొచ్చింది.

బిషప్పు అంటే కోటలాంటి బంగళా ఊహించుకునేవారు. అజరయ్య ఎక్కువ కాలం గడిపింది ఎద్దుబండిలో, పల్లెల్లో. పల్లె అంటే ఊరు కాదు, ఊరి బయట మాలమాదిగల వాడ. అక్కడికి ముందు వెళ్లేది ఉపదేశకుడు. కూలికి వెళ్లినవాళ్లు దీపాలు పెట్టే వేళకు తిరిగొస్తారు. అప్పుడు లాంతరు చుట్టూ చేరతారు. పలక మీద పిల్లలకు అఆలు, పెద్దలకు వల్లెవేత: ప్రభువు ప్రార్థన, పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం. అక్షరం రానివాళ్లకు పాటే పుస్తకం. పురుషోత్తమ చౌదరి కీర్తనలు అలా నోటి మీదే ఊళ్లు దాటాయి. ప్రార్థన, ఆజ్ఞలు, ప్రమాణం అప్పజెప్పితేనే బాప్తిస్మం. రాజ్యభాష ఉర్దూ అయిన చోట, తెలుగు చదువుకు ఆదరణ అంతంతమాత్రంగా ఉన్న రోజుల్లో, వాడలో తెలుగు అక్షరం వెలిగింది ఈ లాంతరు దగ్గరే. దీన్ని మతబోధ ఖాతాలోనే వేసి వదిలేస్తే అన్యాయం.

విశ్వాసం ప్రజాజీవితాన్ని తాకిన మొదటి చోటు కూడా ఆ వాడే. ఆంధ్రదేశమంతటా బాప్తిస్మం పుచ్చుకున్న పల్లెల్లో తగాదా రెండు విషయాల దగ్గర వచ్చేది. ఒకటి, జాతరలో డప్పు కొట్టం అనడం. రెండు, ఆదివారం పనికి రాం అనడం. ఊళ్లో భూస్వామి దొరకు మొదటిది ధిక్కారం, రెండోది నష్టం. కోతల కాలంలో ఆదివారం సెలవు అడిగిన మాదిగవాణ్ని మతం మారినవాడిగా చూశారా, వెట్టి మానినవాడిగా చూశారా? దొరకు ఆ రెండింటికీ తేడా తెలియలేదు. తెలుసుకోవాల్సిన అవసరమూ ఆయనకు లేదు. చర్చి రాజకీయాల్లోకి ఎప్పుడు వచ్చిందని అడిగేవారికి నేను చెప్పే జవాబు ఇదే: బాప్తిస్మం తర్వాత వచ్చిన మొదటి ఆదివారం నాడే.

చట్టసభల రాజకీయం తర్వాత వచ్చింది. 1930 నాటికి దేశంలో ఏ మతంవాళ్లు ఎందరు, ఎవరికెన్ని సీట్లు అన్న బేరం జోరుగా సాగుతోంది. 1932 ఆగస్టులో బ్రిటిష్ ప్రధాని ప్రకటించిన కమ్యూనల్ అవార్డులో భారతీయ క్రైస్తవులకూ ప్రత్యేక నియోజకవర్గాలు దక్కాయి. క్రైస్తవుడి ఓటు క్రైస్తవుడికే. రౌండ్ టేబుల్ సమావేశాల్లో పన్నీర్‌సెల్వం వంటివారు దాన్ని కోరారు, కె.టి. పాల్, ఎస్.కె. దత్తా వద్దన్నారు. దేశంలో అందరికంటే వేగంగా సభ్యులు పెరుగుతున్న డయాసిస్‌కు పెద్ద అయిన అజరయ్య దానికి సంతోషించి ఉండాలి. ఆయన వ్యతిరేకించాడు. చర్చి ఒక ఓటుబ్యాంకుగా గోడ కట్టుకుంటే అందరి కోసం ఉండే గుణం పోతుందని ఆయన వాదన. బాప్తిస్మం వెనుక సీటు లెక్క కనబడిన రోజున దాని విలువ ఎంత?

ఇక్కడ ఒక చిక్కుంది, దాన్ని దాటవేసి లాభం లేదు. గాంధీజీకి మతమార్పిడి అంటే గిట్టదు. 1935లో ‘హరిజన్’ పత్రికలో, తనకు అధికారం ఉంటే దాన్ని చట్టంతోనే ఆపేస్తానన్నాడు. అదే ఏడు యేవలాలో అంబేద్కర్ హిందువుగా చావనని ప్రకటించాక, అణగారిన కులాల మతం దేశ రాజకీయాల్లో అగ్గిలా రాజుకుంది. డోర్నకల్ డయాసిస్ సభ్యుల సంఖ్య అప్పటికి లక్షల్లోకి వెళ్లింది. హద్దులు విస్తరించిన మాట నిజమే గానీ, పల్లెలకు పల్లెలు రావడమూ నిజమే. సీట్లు వద్దన్న అజరయ్య బాప్తిస్మాలు ఆపలేదు. ప్రత్యేక నియోజకవర్గం దగ్గర గాంధీజీ పక్షాన, మతమార్పిడి దగ్గర ఆయనకు ఎదురుగా నిలబడ్డాడు. రాజకీయంగా ఇది రెండు వైపులా చెడ్డ బేరం. అజరయ్య మటుకు ఆ రెంటిలో వైరుధ్యం చూడలేదు. మాదిగవాడికి మంచి చెడ్డ తెలిసే మతం మారే తెలివి ఉందని ఆయన నమ్మకం. ఆ తెలివి లేదనడంలోనే అసలు అవమానం ఉందని నాకూ అనిపిస్తుంది. అలాగని ఆయన కాంగ్రెస్ మనిషి కాడు, స్వరాజ్య ఉద్యమంలో జైలుకు పోయినవాడూ కాడు. ఆయన్ని స్వాతంత్ర్య వీరుడిగా అలంకరించే ప్రయత్నాలు ఇలాంటి సంచికల్లో చూస్తుంటాం. ఆయనకు ఆ దండ అవసరం లేదు.

ఆయన మాట కంటే కట్టడమే ఎక్కువ చెబుతుందేమో. ఎపిఫనీ కెథడ్రల్ 1939 జనవరి 6న ప్రతిష్ఠ అయింది. తలపెట్టినప్పటి నుంచి పూర్తయ్యేదాకా దాదాపు ఆయన బిషప్పు కాలమంతా పట్టింది. గోపురాల్లో దర్గా ఛాయ, స్తంభాల్లో గుడి మంటపం ఛాయ ఉంటాయి. ఇంగ్లండు గోతిక్ కొమ్మును ఇక్కడ నాటలేదు. డబ్బులో పైవాళ్లది ఉంది, పల్లెలదీ ఉంది. పొయ్యి మీద ఎసరు పెట్టే ముందు ఆడవాళ్లు పిడికెడు బియ్యం తీసి వేరే కుండలో వేసేవారు. ఆదివారం ఆ బియ్యం చర్చికి చేరేది. కోత పండుగనాడు గుమ్మడికాయలు, కోళ్లు, మేకపిల్ల, కొత్త వడ్లు బలిపీఠం ముందు కుప్ప పడేవి. ఆరాధన అయ్యాక వేలంపాట. ఒక్క గుడ్డు చేతులు మారి పదిసార్లు పాట పలికేది. దానం మీద అజరయ్య ఇంగ్లీషులో పుస్తకమే రాశాడు. పేదవాడు ఇవ్వలేడు అనడాన్ని ఆయన ఒప్పుకోలేదు. పుచ్చుకునేవాడిగా మిగిలినంత కాలం మనిషి తల ఎత్తడు అని ఆయనకు తెలుసు.

1945 జనవరి 1న అజరయ్య కన్నుమూశాడు. ఆయన పాతికేళ్లు పాటుపడిన ఐక్యత 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘంగా ఫలించింది. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలవాళ్లు ఒక్కటయ్యారు. దేశం రెండుగా చీలిన ఆరు వారాలకే. ఆయన వారసుడిగా డోర్నకల్ పీఠం ఎక్కింది ఆంథొనీ ఎలియట్ అనే తెల్లదొర కావడం చరిత్ర చేసిన తమాషా. ఎవరూ పెద్దగా గొణగలేదు.

స్వతంత్ర భారతంలో ప్రత్యేక సీట్ల గొడవ క్రైస్తవ నాయకులే తేల్చేశారు. రాజ్యాంగ సభ ఉపాధ్యక్షుడు హెచ్.సి. ముఖర్జీ బెంగాలీ క్రైస్తవుడు. 1949 మేలో మతాల వారీ రిజర్వుడు సీట్లు వద్దన్న నిర్ణయానికి ఆయన మద్దతు ఉంది. అజరయ్య బతికి ఉంటే హర్షించేవాడే. ఏడాది తిరిగేసరికి, 1950 ఆగస్టు 10న, రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. షెడ్యూల్డ్ కులాల హోదా హిందువులకే అంది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తలుపు తెరిచింది. క్రైస్తవులకు తెరవలేదు. మన రాష్ట్రాల్లో క్రైస్తవులైన దళితులు బీసీ-సి, రిజర్వేషన్ ఒక్క శాతం. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ మతానికీ హోదాకూ ముడి తెంపమంది. ఇదే విషయం మీద 2022లో జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ వేశారు.

మన సంఘాల్లో దీని పర్యవసానం అందరికీ తెలిసిందే, ఎవరూ రాయరు. చర్చి రిజిస్టరులో ఏసుపాదం, బడి రిజిస్టరులో ఇంకో పేరు, పక్కన హిందూ-మాల. ఆదివారం ఒక పేరు, ఆఫీసులో ఒక పేరు. దాన్ని మోసమని ఎగతాళి చేసేవారు మొదట ఉత్తర్వును చదవాలి. మతం మారితే కులం పోతుందన్నది ఆ ఉత్తర్వు లెక్క. ఊళ్లో పోలేదు. నిజం చెప్పాలంటే చర్చిలోనూ పూర్తిగా పోలేదు. పెళ్లి సంబంధం మాట వచ్చేసరికి మాల, మాదిగ, రెడ్డి తేడాలన్నీ బల్ల మీదికి వస్తాయి. ఒకే రొట్టె, ఒకే పాత్రలోని ద్రాక్షరసం పుచ్చుకున్నవాళ్లే శుభలేఖ వేసేటప్పుడు వెనక్కి తగ్గుతారు.

సంఘాల్లో పాత బాప్తిస్మపు రిజిస్టర్లు ఇంకా కొన్ని మిగిలాయి. తేదీ, తండ్రి పేరు, పల్లె పేరు, బాప్తిస్మమిచ్చిన గురువు సంతకం. మొదటి ఉపదేశకుల పేర్లు కూడా వాటిలోనే దొరకాలి, సంచికల్లో ఎక్కడా లేవు. చెదలు పట్టకముందే వాటిని ఫొటోలు తీయించడానికి ఉత్సవ కమిటీ ఈ ఏడు కొంత సొమ్ము కేటాయిస్తే బాగుంటుంది. షామియానా ఖర్చులో పదో వంతు చాలు.