ఆ మాట ఎక్కడుంది? – విజ్ఞాన సర్వస్వంలో ఆధారాల కథ



విజ్ఞాన సర్వస్వం అనగానే గ్రంథాలయం బీరువాలోని లావుపాటి సంపుటాలు గుర్తుకు వస్తాయి. తెలుగులో ఆ మహాకార్యానికి పూనుకున్న కొమర్రాజు వెంకట లక్ష్మణరావుగారు 1923లో మరణించారు. అప్పటికి పని అక్షరక్రమంలో తొలి భాగం కూడా దాటలేదు. అటువంటి గ్రంథాలకు సంపాదకుని పాండిత్యమే హామీ. 2001 జనవరి 15న మొదలైన వికీపీడియాలో ఆ హామీ లేదు. ఎవరైనా రాయవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు. మరి పాఠకుడు దేన్ని చూసి నమ్మాలి?

ఈ చిక్కు ఇంటర్నెట్‌తో పుట్టింది కాదు. 1879లో ఆక్స్‌ఫర్డ్ ఆంగ్ల నిఘంటువు సంపాదకుడు జేమ్స్ ముర్రే ప్రజలకు ఒక విజ్ఞప్తి చేశారు. పుస్తకాలు చదువుతూ, పదం వాడిన వాక్యాన్ని చీటీ మీద రాసి పంపండి అన్నారు. దానితోపాటు రచయిత, గ్రంథం, సంవత్సరం, పుట తప్పక రాయాలి. లక్షల చీటీలు వచ్చాయి. పంపినవారందరూ పండితులు కారు, కానక్కర్లేదు కూడా. పుట సంఖ్య ఉంటే చాలు, ఆ పుస్తకం తెరచి ఎవరైనా సరిచూసుకోవచ్చు. నా దృష్టిలో వికీపీడియాకు అసలు పూర్వీకులు ఆ చీటీలే.

తొలి ఏళ్లలో వికీపీడియాకు ఈ పట్టింపు అంతగా లేదు. 2005లో అమెరికన్ పాత్రికేయుడు జాన్ సీగెన్‌థాలర్ గురించిన వ్యాసంలో, కెనడీ సోదరుల హత్యలతో ఆయనకు సంబంధం ఉందని అనుమానించారంటూ ఎవరో రాశారు. పచ్చి అబద్ధం. ఆయన రాబర్ట్ కెనడీకి సహాయకుడిగా పనిచేసిన వ్యక్తి. ఆ వాక్యం సుమారు నాలుగు నెలలు అక్కడే ఉంది. "దీనికి ఆధారమేది?" అని ఒక్కరు అడిగి ఉంటే ఒక్కరోజు కూడా నిలిచేది కాదు. వాక్యం పక్కన అంకె వేసి, అడుగున మూలం చూపే సాంకేతిక ఏర్పాటు ఆ ఏడాది చివరలోనే వచ్చింది.

అంకె ఉన్నంత మాత్రాన నిజమనుకోకండి. దక్షిణ అమెరికాలో కోఆటి అనే జంతువు ఉంది. రకూన్ కుటుంబానికి చెందినది. 2008లో ఒక అమెరికన్ విద్యార్థి సరదాకి, దీన్ని 'బ్రెజిలియన్ ఆర్డ్‌వార్క్' అని కూడా అంటారని ఆ వ్యాసంలో చేర్చాడు. ఆర్డ్‌వార్క్ ఆఫ్రికాలో చెదపురుగులు తినే జంతువు. రెండింటికీ ఏ చుట్టరికమూ లేదు. అయినా ఆ పేరు బ్రిటిష్ పత్రికలకెక్కింది, విశ్వవిద్యాలయ ప్రచురణల్లోకీ చేరింది. తర్వాత ఆ రాతలనే వికీపీడియా వ్యాసానికి మూలంగా చూపారు! మూలం వ్యాసం కంటే ముందు పుట్టిందా, వ్యాసం నుంచే పుట్టిందా అన్నది మీరే తేల్చుకోవాలి.

ఇక మీ వంతు. కొత్తగా చేరినవారు పెద్ద వ్యాసం జోలికి పోవద్దు. ఒక్క వాక్యం తీసుకోండి. పాలంపేట రామప్ప గుడి 1213 నాటిది అనే వాక్యానికి మూలం లేదనుకుందాం. గుడి దగ్గర గైడు చెప్పాడంటే చెల్లదు. అక్కడి శాసనాన్ని మీరే చదివి అర్థం చెప్పడమూ చెల్లదు (మీ పఠనం సరైనదే కావచ్చు, కాని సరిచూసేదెవరు?). పండితులు పరిష్కరించి ప్రచురించిన శాసన సంపుటమో, చరిత్ర గ్రంథమో గ్రంథాలయంలో వెతకండి. గ్రంథకర్త, గ్రంథం, ప్రచురణకర్త, సంవత్సరం, పుట – ఈ ఐదూ నోటుపుస్తకంలో రాసుకోండి. పుస్తకంలోని వాక్యాన్ని ఎత్తిరాయకండి, విషయాన్ని మీ మాటల్లో చెప్పండి. తర్వాత వ్యాసంలో సవరణ మీట నొక్కి, వాక్యం చివర ఆ వివరాలు చేర్చండి. పది నిమిషాల పని. పుస్తకం వెతకడానికి మాత్రం ఒక పూట పట్టవచ్చు.

మీరు చేర్చినదాన్ని ఎవరైనా తొలగిస్తే నొచ్చుకోకండి. కొత్తవారిని కరవవద్దని పాత సభ్యులకు అక్కడ ఒక మార్గదర్శకమే ఉంది, అందరూ పాటించరనుకోండి! వ్యాసం పైన 'చరిత్ర' అనే మీట నొక్కితే ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో కనిపిస్తుంది. కారణం కూడా చాలాసార్లు రాసి ఉంటుంది. మీరు రాసిన వాక్యం సాధారణంగా ఆ పాత కూర్పులో భద్రంగానే ఉంటుంది. చర్చా పేజీలో పుట సంఖ్య చూపి, ఎందుకు తీశారని అడగండి.