సొంత బోరుబావి నీటిలో కాలుష్య ప్రమాదం: అంచనా వేయు విధానం

హైదరాబాద్: కృష్ణా జలాలు 2004లో మొదటి దశ పథకం కింద సాహెబ్‌నగర్ రిజర్వాయరుకు చేరిన తరువాత ఎల్‌బీ నగర్, దిల్‌సుఖ్‌నగర్ పరిసరాలలో కుళాయి నీటి సరఫరా మెరుగుపడినది. అయినప్పటికీ పలు ఇళ్లలో, అపార్టుమెంట్లలో బోరుబావుల వినియోగం కొనసాగుతున్నది. కుళాయి నీటిని జలమండలి శుద్ధి చేసి పంపుతుంది. సొంత బోరు నీటిని పరీక్షింపజేసుకోవలసిన బాధ్యత మాత్రం యజమానిదే.

పరిమితులు

భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 10500 ప్రకారం లీటరు తాగునీటిలో ఆర్సెనిక్ 0.01 మిల్లీగ్రాములు, ఫ్లోరైడ్ 1.0 మిల్లీగ్రాము, నైట్రేట్ 45 మిల్లీగ్రాములు మించరాదు. ప్రత్యామ్నాయ నీటి వనరు లేనప్పుడు ఫ్లోరైడ్‌ను 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతిస్తారు. బోరు నీటిలో సాధారణంగా ఉండే మోతాదులలో ఈ మూడింటిని రంగు, వాసన, రుచి ద్వారా గుర్తించలేము. టీడీఎస్ మీటరు కూడా వీటిని విడిగా చూపదు.

ప్రాంతాన్ని బట్టి ప్రమాదం

పశ్చిమ బెంగాల్, బంగ్లాదేశ్‌లలో ఆర్సెనిక్ ప్రధానంగా నదుల ఒండ్రు పొరల నుంచి నీటిలోకి చేరుతున్నది. హైదరాబాద్ నేల గ్రానైట్ శిల. ఇక్కడ శిలలోని ఖనిజాల నుంచి వచ్చే ఫ్లోరైడ్, మురుగునీటి నుంచి ఇంకే నైట్రేట్ ముందుగా చూడవలసినవి. ఎల్‌బీ నగర్ మీదుగా సాగే విజయవాడ రహదారి వెంట ఉన్న చౌటుప్పల్, నల్గొండ ప్రాంతంలోని మర్రిగూడ ఫ్లోరోసిస్ పీడిత గ్రామసీమలుగా ప్రసిద్ధం. పారిశ్రామిక వ్యర్థాలు చేరే చోట్ల ఆర్సెనిక్‌ను కూడా తప్పక పరీక్షించాలి. పటాన్‌చెరు ప్రాంత అనుభవం ఇదే తెలుపుతున్నది.

అంచనా వేయు క్రమం

1. బోరు లోతు, కేసింగ్ పైపు దిగిన లోతు, సెప్టిక్ ట్యాంకు, మురుగు కాలువ ఎంత దూరంలో ఉన్నవో నమోదు చేసుకోవాలి.

2. ఇరుగుపొరుగు బోర్ల ఫలితాలు సేకరించాలి. గ్రానైట్‌లో నీరు పగుళ్ల వెంట నడుస్తుంది గనుక పక్క బోరు మంచిదైనంత మాత్రాన మన బోరు మంచిదని భావించరాదు.

3. మోటారును కొన్ని నిమిషాలు నడిపి, ప్రయోగశాల సూచించిన సీసాలో నమూనా పట్టాలి.

4. వేసవిలో ఒకసారి, వర్షాల అనంతరం మరొకసారి పరీక్షింపజేయాలి. ఒక్క ఫలితంపై ఆధారపడరాదు.

5. రోజువారీ మోతాదును లెక్కించాలి. లీటరుకు 2 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న నీటిని 3 లీటర్లు తాగితే శరీరంలోకి 6 మిల్లీగ్రాములు చేరుతుంది. 1 మిల్లీగ్రాము పరిమితి వద్ద చేరేది 3 మాత్రమే.

జాగ్రత్తలు

పరిమితి మించిన నీటిని తాగడానికి, వంటకు వాడరాదు. కాచినందువలన ఇవి తొలగవు. నీరు ఆవిరైన కొద్దీ గాఢత పెరుగుతుంది. నైట్రేట్ అధికంగా ఉన్న నీటితో పాలపొడి కలిపితే పసిబిడ్డల రక్తం ప్రాణవాయువును మోసే శక్తి తగ్గి, శరీరం నీలివర్ణానికి మారే ప్రమాదం కలదు. పసిబిడ్డలున్న ఇళ్లలో పరీక్ష పూర్తయ్యే వరకు శుద్ధి చేసిన కుళాయి నీటినే వాడుట క్షేమకరం. ఆర్‌ఓ యంత్రం అమర్చినవారు దాని నుంచి వచ్చే నీటిని సైతం ప్రయోగశాలలో పరీక్షింపజేయాలి.