పన్నెండో సంచికతో ఆగిన కథలు

1985లో డీసీ కామిక్స్ బారీ అలెన్‌ను చంపేసింది. ఫ్లాష్ అంటే మూడు దశాబ్దాలుగా పిల్లలకు తెలిసిన మనిషి అతనే. లోకాన్ని కాపాడటానికి పరుగెత్తి పరుగెత్తి ప్రాణం వదిలాడు. 2008లో తిరిగొచ్చాడు. పాత కథను తుడిచి మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టే రీబూట్ల చరిత్రలో నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఈ రెండో ముక్కే.

అసలు చంపాల్సిన అవసరం ఎందుకొచ్చింది? 1938లో పది సెంట్ల 'యాక్షన్ కామిక్స్' మొదటి సంచికలో సూపర్‌మాన్ పుట్టాక ఆ కథ ఆగింది లేదు. రచయితలు మారారు, బొమ్మలు వేసేవాళ్లు మారారు, అతని వయసు మాత్రం కదల్లేదు. 1956లో ఫ్లాష్‌ను కొత్తగా తీర్చిదిద్దారు. పేరు పాతదే, మనిషి కొత్తవాడు. పోలీసు ల్యాబులో పనిచేసే ఈ బారీ, పాత ఫ్లాష్ కామిక్స్ చదువుకునేవాడు. 1961లో గార్డ్‌నర్ ఫాక్స్ ఇద్దరు ఫ్లాష్‌లనూ ఒకే కథలోకి తెచ్చాడు. అందుకోసం రెండో భూమి పుట్టింది. మంచి ఊహ! కానీ రెండోది వచ్చాక మూడోది రాకుండా ఆపేదెవరు? ఇరవై ఏళ్లు తిరిగేసరికి ఏ హీరో ఏ భూమివాడో కొత్త పాఠకుడికి అంతుపట్టకుండా పోయింది.

అప్పుడు మార్వ్ వుల్ఫ్‌మన్ రాసి, జార్జ్ పెరెజ్ బొమ్మలు వేసిన 'క్రైసిస్ ఆన్ ఇన్ఫినిట్ ఎర్త్స్' పన్నెండు సంచికల్లో ఆ భూములన్నిటినీ ఊడ్చేసి ఒక్కదాన్ని మిగిల్చింది. బారీ ప్రాణం వదిలింది అందులోనే. పెరెజ్ పేజీల్లో హీరోలు గుంపులు గుంపులుగా ఉంటారు, అయినా ఎవరి ముఖం వారిదే. ఆ ఓపికకు దండం పెట్టాలి. 1986లో జాన్ బర్న్ ఆరు సంచికల్లో సూపర్‌మాన్ కథను మొదటినుంచి చెప్పాడు.

శుభ్రం చేసింది ఎన్నాళ్లో నిలవలేదు. 1994లో మళ్లీ సర్దారు, 2005లో మళ్లీ. 2011లో ఏకంగా 52 పత్రికలు ఒకటో నంబరుతో వచ్చాయి. 904 దాకా నడిచిన 'యాక్షన్ కామిక్స్' కూడా ఒకటికి దిగింది. అయిదేళ్లకు పాత లెక్కే నయమనుకుని 957 నుంచి ఎత్తుకున్నారు.

'క్రైసిస్' ముగిసిన 1986లోనే డీసీలో 'వాచ్‌మెన్' మొదలైంది. అలన్ మూర్ దాన్ని ముందు చార్ల్‌టన్ కంపెనీ నుంచి డీసీ కొన్న పాత హీరోలతో అనుకున్నాడు. కానీ కథ పూర్తయ్యేసరికి ఆ హీరోలు ఇక దేనికీ పనికిరారని, కొత్తవాళ్లను సృష్టించుకోమని ఎడిటర్ డిక్ జియోర్డానో చెప్పాడు. నా దృష్టిలో అసలు కిటుకు ఇక్కడే ఉంది. రేపు అమ్ముకోవాల్సిన హీరోకి ఏదీ శాశ్వతంగా జరగకూడదు. ఆ బెంగ లేని చోటే కథకు ముగింపు దొరుకుతుంది.

మన చందమామలో బేతాళుడు ప్రతినెలా చెట్టెక్కాడు గానీ, ఏ నెల కథ ఆ నెల పూర్తయ్యేది. సూపర్‌హీరో పత్రికలు ఆ రెండో సగాన్ని వదిలేశాయి.

అయితే సూపర్‌మాన్‌కు కూడా ముగింపు రాయగలరని గ్రాంట్ మారిసన్, ఫ్రాంక్ క్వైట్లీ 2005లో మొదలుపెట్టిన 'ఆల్ స్టార్ సూపర్‌మాన్'తో చూపించారు. నెలనెలా నడిచే కథతో దీనికి లంకె లేదు. పుట్టుక కథంతా మొదటి పేజీలో నాలుగు బొమ్మలు: పగలబోతున్న గ్రహం, శాస్త్రవేత్తలైన తల్లిదండ్రులు, రాకెట్, తొంగిచూసే పల్లెటూరి దంపతులు. మాటలు ఎనిమిదే. ఆపైన సూర్యుడి శక్తి మితిమీరి ఒంట్లో చేరడంతో సూపర్‌మాన్‌కు చావు ఖాయమవుతుంది. పదో సంచికలో, ఎత్తైన భవనం అంచున నిలబడ్డ ఒక అమ్మాయి దగ్గరికి వచ్చి, ధైర్యం చెప్పి, గుండెలకు హత్తుకుంటాడు. ఒక్క పేజీ. గుద్దులాట లేదు. తనకే రోజులు దగ్గరపడ్డవాడు ఇంకొకరిని బతకమంటున్నాడు కాబట్టే ఆ పేజీ గొంతుకు అడ్డుపడుతుంది. పన్నెండో సంచికతో కథ ఆగుతుంది.

2015లో టామ్ కింగ్ మార్వెల్‌కు రాసిన 'ద విజన్' కూడా పన్నెండే. 2021లో అతనే రాసిన 'సూపర్‌గర్ల్: ఉమన్ ఆఫ్ టుమారో' ఎనిమిది.

కొత్తగా చదవబోయేవారు ఒకటో నంబరు చూసి మోసపోకండి. ఎన్ని సంచికలకు పూర్తవుతుందో కనుక్కోండి. 'ఆల్ స్టార్ సూపర్‌మాన్' మొత్తం ఒకే పుస్తకంగా దొరుకుతుంది. దానికంటే ముందు చదవాల్సింది ఏమీ లేదు.